దర్శన హాజరు

ఊటవలసకి నెట్టు వచ్చింది. వచ్చి, ఊరి పక్కనున్న పిడకలమెట్ట మీద ఆగిపోయింది. అలా ఆగడంలో ఊరి తప్పేమీ లేదు, మెట్ట తప్పు లేదు, దాలినాయుడి తప్పు అసలే లేదు. అయినా అందరి నోటా మాట పడింది మాత్రం దాలినాయుడే.

దాలినాయుడు ఆ మెట్ట మీది టవరుకి కాపలావాడు. టవరు పెట్టింది గగనపథ అంతర్జాల సంస్థ. తీగలు లాగే పని లేకుండా గాలిలోనే ఊరూరికీ నెట్టు అందించడం ఆ సంస్థ ఆశయం. ఇంకా చాలా ఆశయాలున్నాయి, రాజధానిలో వాళ్ళ ఆఫీసు గోడ మీద రాసి పెట్టుకున్నారు. టవరు మీద రెండు యాంటెన్నాలు. పట్నం నుంచి నెట్టు తెచ్చే పెద్దది కదలదు. తెచ్చినదాన్ని ఊరికి పంచే చిన్నది తిరుగుతుంది. వెనకటి టవర్లలో గాలివానకి ఈ చిన్నది పక్కకి తిరిగిపోతే ఎవరో ఒకరు టవరెక్కి సరిచేసేవారు. ఇప్పుడు దానికి మోటారు బిగించారు. రాజధానిలో చల్లటి గదిలో కూర్చుని మీట నొక్కితే చాలు, ఇక్కడ మెట్ట మీద యాంటెన్నా తిరుగుతుంది. తిరిగిందో లేదో చూడ్డానికి ఒక కెమెరా కావాలి. ఆ కెమెరా తిరగడానికి ఇంకో మోటారు కావాలి.

ఇంతవరకూ బాగానే ఉంది. అయితే పొదుపు గురించి జరిగిన సమీక్షా సమావేశంలో డైరెక్టరు మార్తాండరావు గారికి ఒక సందేహం వచ్చింది.

"తిరిగేవి రెండూ ఒకే టవరు మీద ఉన్నప్పుడు, మోటార్లు రెండెందుకండీ?" అన్నారాయన.

గదిలో ఉన్న ఇంజినీర్లందరికీ సమాధానం తెలుసు. ఆయన అడిగింది సమాధానం కోసం కాదని కూడా తెలుసు. అందుకని అందరూ చప్పట్లు కొట్టారు. కెమెరానీ యాంటెన్నానీ ఒకే ఇనప చేతికి, ఒకే మోటారుకి బిగించాలని తీర్మానం అయింది. అంటే ఇకమీదట కెమెరా ఎటు చూస్తే యాంటెన్నా కూడా అటే చూస్తుంది. 'చూపు ఎక్కడో సేవ అక్కడ' అని దానికో నినాదం రాయించి, టవరు మొదట్లో బోర్డు కూడా పాతారు.

ప్రారంభోత్సవం రోజున కెమెరా ఊరి వైపు తిరిగి ఉంది కాబట్టి ఊళ్ళో నెట్టు ధారాళంగా వచ్చింది. రేషను డీలరు దగ్గర వేలిముద్ర మిషను మొదటిసారి వేలు పెట్టగానే పలికింది. ఆ రోజే దాలినాయుడు ఉద్యోగంలో చేరాడు. ఆ వారంలోనే అతని పెళ్ళాం హైమ ఆడపిల్లని కన్నది. ఆమె పుట్టిల్లూ ఊటవలసే. టవరు దగ్గర నిలబడితే వాళ్ళ అత్తారి పెంకుటిల్లు, పెరట్లో ఆరేసిన పసిపిల్ల గుడ్డలు కనిపిస్తాయి. పుట్టిన రోజు ఆస్పత్రికి వెళ్ళి బిడ్డని చూశాడు గానీ, గుడ్డల్లో చుట్టేసి ఉంచడంతో ముక్కొక్కటే కనిపించింది. మిగతా పిల్లని తీరిగ్గా చూసుకుందాంలే అనుకుని డ్యూటీకి వచ్చేశాడు.

ఆ మర్నాడే దర్శన హాజరు పద్ధతి అమల్లోకి వచ్చింది.

'మారుమూల టవరు కేంద్రములయందు కాపలా సిబ్బంది విధులకు గైర్హాజరగుచున్నారేమోనన్న అనుమానము సంస్థకు కలిగినందున, సదరు సిబ్బంది టవరు ఎదుట గల పసుపు వలయములోని కుర్చీయందు ఆసీనులై, కెమెరాకు సదా దర్శనమీయవలసినదిగా ఇందుమూలముగా ఆదేశించడమైనది.' ఇదీ దాలినాయుడి ఫోనుకి వచ్చిన ఉత్తర్వు. కుర్చీ ఒకరు తెచ్చారు, పసుపు రంగు ఇంకొకరు వేశారు. అన్నానికో, అవసరానికో లేవాలంటే రాజధానిలోని పరిభ్రమణ విభాగానికి ఫోను చేసి అడగాలి. పరిభ్రమణం అంటే తిప్పడం. తిప్పేవాళ్ళకి అక్కడ పెద్ద విభాగమే ఉంది, దానికి సదాశివమూర్తి గారనే అధికారి ఉన్నారు.

కెమెరా కుర్చీ వైపు తిరిగింది. దానితోపాటు యాంటెన్నా కూడా తిరిగింది. ఊరంతటికీ సరిపోయే నెట్టు వచ్చి దాలినాయుడి నెత్తిన పడింది. ఊళ్ళో ఫోన్లన్నీ ఒక్కసారి మూగబోయాయి.

మొదట ఇదేమీ దాలినాయుడికి బోధపడలేదు. బిడ్డని చూద్దామని హైమకి వీడియో కాల్ చేశాడు. తన ఫోనులో గీతలన్నీ నిండుగా ఉన్నాయి, అవతల మాత్రం ఉలుకూ పలుకూ లేదు. కాసేపటికి రాజధానిలో ఎవరో ఊరి అందం చూద్దామని కెమెరాని అటు తిప్పారు. అప్పుడు హైమ ఫోనుకి ప్రాణం వచ్చింది, ఇతని ఫోను చచ్చింది. మొగుడికి నెట్టుంటే పెళ్ళానికి ఉండదు, పెళ్ళానికుంటే మొగుడికి ఉండదు. పెళ్ళై ఇన్నాళ్ళలో ఇద్దరూ ఇంత చక్కగా వంతులు పాటించింది ఇదే మొదలు.

ఫొటోలు మాత్రం వెనకా ముందూగా వచ్చేవి. ఒక ఫొటోలో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. దాలినాయుడికి గుండె ఆగినంత పనైంది.

"గుంట ఎందుకలా ఏడస్తంది?" అని రాశాడు.

మర్నాడు జవాబు వచ్చింది. "ఎప్పుడు?"

ఆ ఒక్క మాట చదివి అతనికి నవ్వొచ్చింది, తర్వాత కళ్ళలో నీళ్ళొచ్చాయి. కుర్చీలోంచి లేవకుండానే తుండుతో మొహం తుడుచుకున్నాడు. పోనీ ఆవిడే పిల్లని తీసుకుని వద్దామంటే, పచ్చి బాలింత మెట్టెక్కుతుందా అని అత్తగారు గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. పురుడు వెళ్ళి, పేరు పెట్టే రోజు దాకా ఆగాల్సిందే.

ఈలోగా ఊళ్ళో జనం నెట్టు ఎక్కడికి పోయిందా అని వెతుక్కుంటూ ఫోన్లు పైకెత్తి నడిచారు. నడిచి నడిచి మెట్టెక్కి దాలినాయుడి కుర్చీ దగ్గర తేలారు. ముందు కుర్రాళ్ళు వచ్చారు. తర్వాత రేషను డీలరు వేలిముద్ర మిషనుతో పాటు బియ్యం బస్తాలు కూడా ఎక్కించుకుని వచ్చాడు. ఆయన వెనక ఊరి ముసలీ ముతకా వేళ్ళు పట్టుకుని వచ్చారు. ఇంతమంది వస్తున్నారని ఒకావిడ బజ్జీల బాండీ కూడా పెట్టింది.

ప్రెసిడెంటు గంగునాయుడు ఊరి పెద్ద. జరుగుతున్న అన్యాయం సహించలేక దాలినాయుడి కుర్చీ పక్కనే నిలబడి రాజధానికి ఫోను చేశాడు.

"అయ్యా, మా ఊర్లో నెట్టు నేదండి."

"మీరిప్పుడు దేని ద్వారా మాట్లాడుతున్నారు?" అన్నారు సదాశివమూర్తి గారు.

"నెట్టులోంచేనండి."

"అయితే ఉన్నదానిని లేదని ఫిర్యాదు చేయుచున్నారు. నమోదు చేసుకున్నాం."

"అది కాదు బాబూ. కెమెరా ఇటు సూస్తే నెట్టు ఇటే ఒచ్చేస్తంది. కూసింత ఊరికేసి తిప్పండి."

"ఊరివైపు తిప్పితే కాపలావాడిని ఎవరు చూస్తారు? టవరుకి కాపలా లేకపోతే నెట్టు ఉంటుందా? మీ నెట్టు క్షేమం కోరే మేము మీ నెట్టు వైపు చూడడం లేదు."

గంగునాయుడు ఫోను చెవి దగ్గర్నుంచి తీసి దానికేసి చూశాడు. జవాబులో తప్పెక్కడుందో అతనికి దొరకలేదు, అందరికీ వినిపించేలా ఇంకోసారి చెప్పించుకుందామనుకుంటే అవతల పెట్టేశారు.

రాజధానిలో మాత్రం ఆందోళన మొదలైంది. ఒక్క కాపలావాడు కూర్చోవలసిన చోట తెర నిండా జనం కనిపిస్తున్నారు. ఇదేదో కుట్ర అనుకుని, అప్పుడప్పుడూ ఊరి వైపు తిప్పే కెమెరాని ఇక కదపకుండా కుర్చీ మీదే నిలిపేశారు. దాంతో నెట్టు పూర్తిగా మెట్ట మీదే స్థిరపడింది. వాడకం లెక్కలు చూసి మార్తాండరావు గారు ఉబ్బితబ్బిబ్బయ్యారు. ఒకే ఒక్క కుర్చీ ఒక మండలమంత నెట్టు వాడుతోంది. దేశంలో ఏ కుర్చీ సాధించని ప్రగతి అది. ఊటవలస ఊళ్ళో వాడకం సున్నా అని అదే కాగితంలో ఉంది గానీ, ఆ ఊరివాళ్ళకి ఆసక్తి లేదని ఆయన అర్థం చేసుకున్నారు.

ఇక ఆ జనంలో అసలు కాపలావాడు ఎవరో తేలాలి కదా. అందుకోసం ముఖాన్ని గుర్తుపట్టే యంత్రాన్ని తెప్పించారు. కెమెరాలో కనబడిన ముఖాన్ని ఉద్యోగి ఫొటోతో పోల్చి, హాజరో గైర్హాజరో అదే చెబుతుంది. దాన్ని తెప్పించిన ముచ్చటకే మార్తాండరావు గారికి ఏదో పురస్కారం కూడా వచ్చింది.

యంత్రం పని మొదలుపెట్టిన ఉదయమే దాలినాయుడి ఫోను మోగింది.

"నీవు విధులకు గైర్హాజరైనట్టు నమోదైంది," అన్నారు సదాశివమూర్తి గారు.

"నాను కుర్సీలోనే ఉన్నాను బాబూ."

"కుర్చీలో ఎవరో ఉన్నారు. నీవు లేవు."

"ఆ ఎవరో నానే బాబూ! ఇదిగో, సెయ్యూపుతున్నాను."

"గుర్తు తెలియని గడ్డం వ్యక్తి చేయి ఊపుచున్నాడు. రేపటిలోగా నీవు కనబడనిచో ఉద్యోగం నుండి తొలగించబడుదువు."

దాలినాయుడు గడ్డం తడుముకున్నాడు. పెళ్ళాం కడుపుతో ఉంటే మొగుడు గడ్డం గీయించుకోకూడదని వాళ్ళ ఇళ్ళలో పట్టింపు. పురుడయ్యాక గీయించుకుందాం అనుకునేసరికి ఈ కుర్చీ వచ్చి పడింది. గడ్డం ఇప్పుడు గుండె దాకా దిగింది. సంస్థ దగ్గరున్న ఫొటో ఏమో అతను పదో తరగతిలో ఉన్నప్పటిది. తిరుపతిలో తలనీలాలిచ్చి వచ్చిన మర్నాడు తీయించుకున్నాడు. నున్నటి గుండు, పూరీల్లాంటి బుగ్గలు, అమాయకపు కళ్ళు. కన్నతల్లి కూడా ఇప్పుడు ఆ ఫొటో చూసి ఎవరీ బాబని అడుగుతుంది. గడ్డం గీయించుకుందామంటే కిందికి దిగాలి. దిగడానికి అనుమతి అడిగితే, ఆ అనుమతి కాపలావాడు మాత్రమే అడగవచ్చునని, గుర్తు తెలియని వ్యక్తి అడగరాదని సమాధానం వచ్చింది.

తెల్లారితే పేరు పెట్టే రోజు. తండ్రి రాడు, రాలేడు. ఊరూరికీ చెప్పేశారు, చలిమిడి చేసేశారు. హైమకి తిక్క రేగింది. పిల్లని పొత్తిళ్ళలో ఎత్తుకుని, అడ్డొచ్చిన తల్లిని పక్కకి జరిపి, మెట్టెక్కేసింది. పైకొచ్చేసరికి మొహమంతా చెమట.

"ఉజ్జోగం సేస్తన్నావా మావా, జైల్లో ఉన్నావా?" అంది రొప్పుతూ. "నువ్వు రావని నీ కూతుర్నే మోసుకొచ్చినాను. సూడు, కళ్ళారా సూడు. ఊరోళ్ళందరూ ఎత్తుకున్నారు, తండ్రొక్కడే ఎత్తుకోనేదు."

దాలినాయుడు చటుక్కున కుర్చీలోంచి లేచాడు. కానీ చేతులకి బజ్జీల నూనె. కడుక్కోవడానికి చెంబు కోసం పరుగెత్తాడు. మెట్టెక్కిన అలుపుతో హైమ ఖాళీగా కనబడిన కుర్చీలో కాసేపు పిల్లని పడుకోబెట్టి, పక్కన నేల మీద కూలబడింది.

అప్పుడు కెమెరా పెట్టెలోంచి ఒక ఆడగొంతు ఎంతో ఆనందంగా పలికింది. "ముఖము గుర్తించబడినది. దాలినాయుడు, కాపలా సిబ్బంది, హాజరు."

మెట్ట మీద జనమంతా కుర్చీకేసి చూశారు. నున్నటి గుండు, పూరీల్లాంటి బుగ్గలు, అమాయకపు కళ్ళు. అచ్చం తండ్రి పోలికేనని పుట్టిన రోజు నుంచీ ఊళ్ళో అంటూనే ఉన్నారు, ఇప్పుడు సంస్థ కూడా అంది.

ఫోను మోగింది. సదాశివమూర్తి గారి గొంతులో ప్రేమ పొంగుతోంది. "వచ్చావా దాలినాయుడూ! సంతోషం. నీ వెనుక చెంబుతో నిలబడిన గడ్డం వ్యక్తిని తక్షణం మెట్ట దిగమని చెప్పు."

"గుంటనొగ్గేసి నానెక్కడికెల్తాను బాబూ? అది నా కూతురు!"

"సిబ్బందిని కూతురనడం నేరం," అన్నారాయన. ఇంతలో బిడ్డ ఏడుపందుకుంది. ఆయన కంగారుపడ్డారు. "అదేమిటి, సిబ్బంది ఏడుస్తున్నారు? విధి నిర్వహణలో ఏడవడం మా నియమావళిలో లేదే!"

హైమ లేచి, ఏడుస్తున్న పిల్లని ఎత్తుకుని కుర్చీలో కూర్చుని కొంగు కప్పింది. ఆ దృశ్యం రాజధానిలో పెద్ద తెర మీద చూసి అధికారులు తలలు దించుకున్నారు. విషయం క్షణాల మీద డైరెక్టరు గారి దాకా వెళ్ళింది.

మార్తాండరావు గారు బాగా ఆలోచించారు. యంత్రం పొరబడిందని ఒప్పుకుంటే పురస్కారం వెనక్కివ్వాలి. పైగా మర్నాడు మంత్రిగారు యంత్రాన్ని చూడ్డానికి వస్తున్నారు. ఉద్యోగి చిన్నవాడైపోయాడని ఒప్పుకుంటే ఎవరికీ ఏదీ వెనక్కివ్వక్కర్లేదు.

"కొండగాలికి మనుషులు కృశించడం సహజమే," అన్నారాయన. "వైద్య సలహాదారుని పిలవండి."

వైద్య సలహాదారు తెరకేసి చూసి, ఉద్యోగికి పళ్ళున్నాయా అని అడిగాడు. లేవన్నారు. మాట? లేదు. ఆహారం? పాలు. నడక? అదీ లేదు. డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఈ సంస్థలో ఉద్యోగులని ఇంతగా పిండుతున్నారని తనకి తెలియదన్నాడు.

సాయంత్రం ఎండ తగ్గేలోపే ఉత్తర్వు వచ్చింది. సంస్థలో అంత తొందరగా వచ్చిన ఉత్తర్వు మరొకటి లేదు. 'కాపలా సిబ్బంది శ్రీ దాలినాయుడు విధి నిర్వహణలో తీవ్రముగా కృశించి, దంతములను, వాక్కును, నడకను కోల్పోయినందున, మానవతా దృక్పథముతో సదరు సిబ్బంది కోలుకొని నడవగలుగునంత వరకు మాతృమూర్తి ఒడియందే విధులు నిర్వర్తించుటకు అనుమతించడమైనది. కెమెరా ఆ గృహమునకే మరల్చబడును. గడ్డం వ్యక్తి టవరు పరిసరములయందు సంచరించరాదు.'

దాలినాయుడు చివరి వాక్యం ఇంకోసారి చదువుకున్నాడు. తర్వాత కుర్చీకి దణ్ణం పెట్టి, పెళ్ళాం వెనకే మెట్ట దిగాడు. టవరు మీద ఇనప చెయ్యి కిర్రుమంటూ తిరిగి, హైమ పుట్టింటి పెరటికేసి నిలబడింది. ఊళ్ళో ఫోన్లన్నీ ఒక్కసారి గొల్లుమన్నాయి. రేషను డీలరు బస్తాలు దించుకున్నాడు, బజ్జీలావిడ బాండీ నెత్తిన పెట్టుకుంది. ఆ రాత్రి అన్నాలు తిని అంతా సుఖంగా పడుకున్నారు.

పొద్దున్నే దాలినాయుడు సెలూను వెంకటి దగ్గరికి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. కూతురికి పేరు పెట్టబోతున్నాడు, మొహం మొహంలా ఉండాలి కదా. వెంకటి నురగ కలుపుతుండగా గంగునాయుడు ఊరి జనాన్ని వెంటబెట్టుకుని వగరుస్తూ వచ్చాడు.

"ఒరే ఎంకటీ, ఆ కత్తి కింద పెట్టు! ఈడి గడ్డం తీసినావంటే ఆ మిషను ఈణ్ణి గుర్తుపట్టేస్తాది. ఈడు మళ్ళా మెట్టెక్కాల. ఈడితోపాటు మన నెట్టూ ఎక్కేస్తాది."

"అయితే నాను బతికినంతకాలం ఇలాగే ఉండాలేటి?" అన్నాడు దాలినాయుడు.

"నీ గడ్డం నీది కాదురా ఇప్పుడు. ఊరిది."

వెంకటి కత్తి కడిగేసుకున్నాడు. దాలినాయుడికి కోపం వచ్చింది గానీ, కోపంగా ఉండడానికి తీరిక లేదు. ముహూర్తం దగ్గర పడుతోంది.

పెరట్లో పీట వేశారు. పళ్ళెంలో బియ్యం పోశారు. హైమ బిడ్డకి తలంటి, బుగ్గన చుక్క పెట్టి తెచ్చి అతని చేతుల్లో పెట్టింది. దాలినాయుడు ఊపిరి బిగబట్టాడు. ముక్కు ఒక్కటే కాదు, ఈసారి అంతా ఉంది. చెవులు, వేళ్ళు, మడతలు పడ్డ మెడ, తనని చూస్తూ ఎటో చూస్తున్న కళ్ళు. ఇంత చిన్న పిల్ల ఇంత బరువుంటుందని అతనికి తెలీదు. సంతోషానికి ఏం చెయ్యాలో తోచక, వంగి నుదుట ముద్దు పెట్టాడు.

ఫోను మోగింది. గంగునాయుడు ఎత్తి, దాలినాయుడి చెవి దగ్గర పెట్టాడు.

"బియ్యంలో పేరు రాయుచున్నట్టు కనబడుచున్నది," అన్నారు సదాశివమూర్తి గారు. "సిబ్బంది పేరు మార్చుకొనదలచినచో ముందుగా గెజిట్టులో ప్రకటించవలెను. అది అటుంచి, మంత్రిగారు తెర ముందు వేచియున్నారు. గడ్డం వ్యక్తి ఎవరో వంగి సిబ్బంది ముఖమునకు అడ్డు వచ్చుచున్నాడు. తక్షణం తప్పుకోమనండి."

దాలినాయుడు తప్పుకోబోయాడు. ఇన్నాళ్ళూ చెప్పినప్పుడల్లా కూర్చున్నాడు, చెప్పినప్పుడల్లా లేచాడు. వెన్ను దానంతటదే నిటారవబోయింది. కానీ తల పైకి రాలేదు. బిడ్డ రెండు గుప్పిళ్ళతోనూ అతని గడ్డాన్ని బిగించి పట్టుకుంది. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతను అలాగే వంగి ఉండిపోయి, ఫోనుకి వినబడేలా నెమ్మదిగా అన్నాడు.

"నాను తప్పుకుందామనే సూస్తన్నాను బాబూ. మీ సిబ్బందే నన్నొగ్గడం నేదు."